అతని పెళ్లి చీర నా భుజం మీద వేసి చూశారు

అమ్మగారూ, నమస్తే.

నా వయసు 27. మాది గాజువాక. రుషికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. నాతోపాటు ఒకే బ్యాచ్‌లో చేరిన అబ్బాయిని నాలుగేళ్లుగా ప్రేమిస్తున్నాను. వాళ్లది ఎంవీపీ కాలనీ. షిఫ్టు అయ్యాక బండి మీద మద్దిలపాలెం దాకా దింపేవాడు. అక్కణ్ణుంచి నేను గాజువాక బస్సెక్కేదాన్ని. 14 నెలల కిందట తెన్నేటి పార్కులో ధైర్యం చేసి నా మనసులో మాట చెప్పేశాను. "నిన్ను ఎప్పుడూ అలా చూడలేదు. కానీ నీలాంటి ఫ్రెండ్‌ని పోగొట్టుకోలేను" అన్నాడు. నేనూ సరే అన్నాను. మర్నాటి నుంచి మళ్లీ మామూలే. అదే బండి, అదే మద్దిలపాలెం, రాత్రి పదకొండు దాకా అవే మెసేజీలు.

పోయిన నెల అతనికి నిశ్చితార్థం అయింది. అమ్మాయిది విజయనగరం. మాఘమాసంలో పెళ్లి. "నీ సెలక్షన్ బావుంటుంది, చీరలకి నువ్వు రావాల్సిందే" అన్నాడు. కాదనలేక వెళ్లాను. షాపులో సేల్స్‌మన్ పట్టుచీర నా భుజం మీద వేసి, "మేడమ్‌కి భలే నప్పింది సార్" అన్నాడు. ఇతను నవ్వేసి, ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపాడు. ఫొటోలో నా మొహం లేదు. గడ్డం కింద నుంచే ఉంది.

ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. రాత్రిళ్లు లేచి అతను ఆన్‌లైన్‌లో ఉన్నాడేమో చూస్తున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఏదో వంక పెట్టి వద్దంటున్నాను. మాట్లాడటం మానేస్తే స్వార్థంతోనే స్నేహం చేశాననుకుంటాడేమో. పెళ్లికి వెళ్లకపోతే ఆఫీసులో అందరికీ తెలిసిపోతుందేమో. నాలుగేళ్ల ప్రేమ అంతా వృథాయేనా? మర్చిపోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఇంకో చిన్న విషయం. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలని పోలీసులు ఆపుతున్నారని అతను కొన్న రెండో హెల్మెట్ నా దగ్గరే ఉండిపోయింది. అది ఎలా తిరిగివ్వాలో కూడా తెలియట్లేదు.

పేరు వద్దు, గాజువాక

అమ్మా,

నీ ఉత్తరం చదువుతూ ఆ చీరల షాపు దగ్గర ఆగిపోయాను. కాసేపు పక్కన పెట్టి, టీ పెట్టుకుని వచ్చి మళ్లీ చదివాను.

ముందు ఆ ఫొటో సంగతి. అతను కావాలని నీ మొహం తీసేయలేదు. పెళ్లికూతురికి చీర చూపించాలి, చీర చూపించాడు. చీర వెనకాల ఒక మనిషి నిలబడి ఉందని, ఆ మనిషి తనతో ఒకప్పుడు ఏం చెప్పిందో అని అతనికి తట్టనే లేదు. కావాలని చేసి ఉంటే నీకు కోపమైనా వచ్చేది. కోపం వస్తే సగం పని అయిపోయినట్టే. తట్టకపోవడం దగ్గర మాత్రం మనం ఏమీ చేయలేం. ఎవర్ని తిట్టుకుంటాం?

అతను చెడ్డవాడని నాచేత అనిపించుకోవాలని నీకు ఉండొచ్చు. అనలేను. అడిగినప్పుడు డొంకతిరుగుడు లేకుండా చెప్పాడు. "చూద్దాం", "ఇంట్లో ఒప్పుకోరు", "నీకు నాకంటే మంచివాడు దొరుకుతాడు" లాంటి మాటలతో ఏళ్ల తరబడి వేలాడదీసే అబ్బాయిల గురించి నాకు నెలకి నాలుగు ఉత్తరాలు వస్తాయి. ఇతను అలా చెయ్యలేదు. అంతమాత్రాన తప్పు లేదని కూడా అనను. తనని ప్రేమించానని చెప్పిన అమ్మాయిని తన పెళ్లి చీరలకి రమ్మనడం, ఎంత అమాయకంగా రమ్మన్నా, మొరటు పనే. "ఫ్రెండ్‌ని పోగొట్టుకోలేను" అనడానికి అతనికి ఏమీ ఖర్చు కాలేదు. ఆ స్నేహానికి కిస్తీలు కడుతున్నది నువ్వు.

1993లో రాయ్ బామైస్టర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరితో కలిసి ఏకపక్ష ప్రేమ మీద ఒక పరిశోధన ప్రచురించాడు. ప్రేమించి కాదనిపించుకున్నవాళ్ల చేత వాళ్ల కథ రాయించారు, కాదన్నవాళ్ల చేత వాళ్ల కథ రాయించారు. కాదన్నవాళ్లు హాయిగా ఉన్నారని మనం అనుకుంటాం. అలా ఏమీ లేదు. తప్పు చేసినట్టు అనిపించడం, ఏం మాట్లాడితే ఏమవుతుందోనన్న ఇబ్బంది, వాళ్ల కథల నిండా అవే. ప్రేమించేవాళ్లు ఎలా ఉండాలో సినిమాలూ పాటలూ బోలెడు నేర్పుతాయి. కాదనేవాళ్లు ఆ తర్వాత ఎలా ఉండాలో ఎవరూ నేర్పరు. ఆ అబ్బాయి వ్యవహారం కూడా ఇదే అనుకుంటున్నాను. నువ్వు నొచ్చుకోకుండా ఉండాలంటే ఏమీ జరగనట్టు ఉండటమే దారి అనుకున్నాడు. అనుకుని అనుకుని, నిజంగానే ఏమీ జరగలేదని నమ్మేశాడు. నువ్వూ అందుకు సాయం చేశావు. "సరే" అన్నావు కదా.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా పిల్లలకి కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు.

1986లో నాకు 21 ఏళ్లు. వైజాగ్ వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. కురుపాం మార్కెట్ దగ్గర ఒక బట్టల కొట్టు ఉండేది. సాయంత్రాలు కొట్టు యజమాని కొడుకు కూర్చునేవాడు. నేను జాకెట్టు ముక్క కోసం వెళ్లేదాన్ని. అతను మీటరు బద్దతో కొలిచి, చివర్న నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ వదిలి, అక్కడ కత్తెరతో చిన్న గాటు పెట్టి, పర్రున చించేవాడు. ఆ నాలుగు వేళ్లూ నా కోసమే అనుకున్నాను. ఇంటికొచ్చి ఆ ముక్కని స్కేలు పెట్టి కొలిచేదాన్ని కూడా. ఏడాదిన్నరలో నా పెట్టెలో పదకొండు ముక్కలు చేరాయి. వాటికి తగ్గ చీరలు లేవు. మా మేనత్త ఒకసారి సింహాచలం నుంచి వచ్చి, పెట్టె సర్దుతూ వాటిని మంచం మీద పరిచి, "ఏటే, కొట్టెడతావేటి?" అంది. నేను ఏమీ మాట్లాడలేదు. ఆవిడ నా మొహం చూసింది, మళ్లీ ముక్కల కేసి చూసింది. మర్నాడు తనే ఆ కొట్టుకి వెళ్లి ఒక ముక్క కొనుక్కొచ్చింది. తెచ్చి నా చేతిలో పెట్టి, "కొలువు" అంది. కొలిచాను. నాలుగు వేళ్లు ఎక్కువే ఉంది.

అది ఆ కొట్టు మర్యాద. వచ్చిన ప్రతి ఒక్కరికీ వదిలేవాళ్లు.

నువ్వు రాసిన 14 నెలల్లో నీకు అందిన నాలుగు వేళ్లు ఏమేమిటో ఒకసారి కాగితం మీద రాసి చూడు. "ఇంటికెళ్లాక మెసేజ్ పెట్టు" అన్నాడా? వర్షం పడితే తన రెయిన్‌కోటు ఇచ్చాడా? హెల్మెట్ కొన్నాడు కదా, అది కూడా రాయి. ఇవన్నీ మంచి పనులే. అతను మంచివాడు కాబట్టి చేస్తాడు. నీ స్థానంలో ఇంకో టీమ్‌మేట్ ఉన్నా చేస్తాడు. నువ్వు మాత్రం ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలుస్తున్నావు.

రాత్రి లేచి ఫోన్ చూడటం గురించి రాశావు. సిగ్గుపడుతూ రాశావని తెలుస్తూనే ఉంది. అక్కర్లేదమ్మా. 2010లో హెలెన్ ఫిషర్ అనే శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్లు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. ప్రేమించినవాళ్లు వదిలేసి వెళ్లిపోయినా మనసులోంచి తీసేయలేకపోతున్న 15 మందిని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, వదిలేసినవాళ్ల ఫొటో చూపించారు. మత్తుమందుకి అలవాటు పడ్డవాళ్లు ఆ మందు కోసం తహతహలాడేటప్పుడు మెదడులో ఏ భాగాలు చురుగ్గా ఉంటాయో, వీళ్లలోనూ అలాంటి భాగాలే చురుగ్గా కనిపించాయి. వాళ్లంతా కొన్నాళ్లు కలిసి ఉండి విడిపోయినవాళ్లు, నీది వేరే కథ. అయినా అర్ధరాత్రి రెండింటికి నీ వేలు ఫోన్ మీదికి ఎందుకు వెళ్తోందో అర్థం చేసుకోవడానికి ఆ మాత్రం చాలు. నీకు బుద్ధి లేక చూడట్లేదు. పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి వచ్చేవాళ్లకి బుద్ధి లేదంటామా?

పైగా నీకు దొరికేది ఒక లెక్కలో దొరకట్లేదు. ఒక రాత్రి గంటసేపు మాట్లాడతాడు, మర్నాడు "హ్మ్" అని ఊరుకుంటాడు. స్కిన్నర్ అనే ఆయన పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆపేస్తే త్వరగానే పొడవడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా గింజ దొరికే పావురం మాత్రం, పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడూ పడే గింజ అంత చెడ్డది.

వైజాగ్ నుంచి రాస్తున్నాను కాబట్టి సముద్రంతో పోలికలు చెప్పి విసిగిస్తానేమోనని భయపడకు. ఒక్కటే చెబుతాను, అది కూడా ఇసుక గురించి.

ఆర్కే బీచ్‌లో ఇసుక ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించావా? మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరం వైపు కదులుతూ ఉంటుంది. 1970లలో పోర్టుకి ఔటర్ హార్బర్ కట్టి సముద్రంలోకి రాళ్ల గోడలు వేశాక, ఆ ఇసుక పోర్టు పక్కనున్న డాల్ఫిన్ నోస్ కొండ దగ్గరే చాలావరకు ఆగిపోతోంది. బీచ్‌కి రావాల్సింది రావట్లేదు. అందుకని అక్కడ పోగుపడ్డ ఇసుకని డ్రెడ్జర్లతో తవ్వి తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. పోసింది కొన్నాళ్లు ఉంటుంది, అలలు పట్టుకుపోతాయి, మళ్లీ పోస్తారు. మురీ మిక్చర్ తింటూ కూర్చున్నవాళ్లకి మాత్రం, ఆ ఇసుక వెయ్యేళ్ల నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది.

నీ ఆశ కూడా నీకు అలాగే కనిపిస్తోంది. నాలుగేళ్లుగా అలాగే ఉంది, ఎంత గట్టి ప్రేమో అనుకుంటున్నావు. నా లెక్క వేరు. తెన్నేటి పార్కులో అతను చెప్పిన మాటతో కొత్త ఇసుక రావడం ఆగిపోయింది. (2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి రాళ్లలో ఇరుక్కున్నదీ అక్కడే. ఆ చోటుకి ఏదో ఉంది.) ఆ రోజు నుంచి తవ్వి పోస్తున్నది నువ్వు. రోజూ గుడ్ మార్నింగ్ ఒక తట్ట. మద్దిలపాలెం దాకా బండి ఒక తట్ట. పదకొండింటి దాకా మెసేజీలు ఒక లారీ. బీచ్‌కైతే పోయక తప్పదు, లేకపోతే రోడ్డు పోతుంది. నీకు ఏం పోతుంది?

కాబట్టి నేను నిన్ను ప్రేమ మానెయ్యమని అడగను. అది మన చేతిలో లేదు. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదని మన పెద్దవాళ్లు చెప్పే కథ నీకు తెలిసే ఉంటుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే ఆయన అదే పని విద్యార్థులతో చేయించాడు. కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. దాన్ని తలుచుకోవద్దు, తలపుకి వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత "ఇప్పుడు తలుచుకోండి" అంటే, మొదటి నుంచీ తలుచుకోమన్నవాళ్ల కంటే వీళ్లకే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. అందుకని అతను గుర్తొస్తే రానీ. ఏడుపొస్తే ఏడువు. పోయడం మాత్రం ఆపు. మనసు మన మాట వినదు గానీ చేతులు వింటాయి. ముందు వాటికి చెబుదాం.

అతనికి ఒక మెసేజ్ పెట్టు. నేనే రాసిస్తున్నాను, కావాలంటే నీ మాటల్లోకి మార్చుకో. "నీతో మామూలుగా ఉండటం నాకు కష్టంగా ఉంది. కారణం నీకు తెలుసు. ఇక నుంచి ఆఫీసు పని వరకే మాట్లాడతాను. కోపం లేదు. పెళ్లికి రాలేను. మీ ఇద్దరూ బావుండాలి." అంతే. ఇందులో కవిత్వం కలపకు. "ఎప్పటికైనా అర్థం చేసుకుంటావు" లాంటి ముక్క చివర్న తగిలించకు, అది ఇసుకే. రాత్రిపూట పంపకు. శనివారం పొద్దున్న టిఫిన్ తిన్నాక పంపించి, ఫోన్ మీ అమ్మగారి గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, ఏదో పని మీద పూర్ణా మార్కెట్‌కో ఇంకెక్కడికో వెళ్లిపో.

అతను జవాబు ఇస్తాడు. "ఏమైంది?", "నేనేమైనా తప్పు చేశానా?", "ఒకసారి కలిసి మాట్లాడుకుందాం" అంటాడు. నిజం చెప్పు, అతను కాస్త బతిమాలాలని నీకు లోపల్లోపల ఉంటుంది కదూ? ఉంటుంది. నీ మెసేజ్‌లో ప్రమాదమంతా అక్కడే ఉంది. "నేను బాగానే ఉన్నాను, థాంక్స్" అని ఒక్కసారి పెట్టి ఆపెయ్. కలిసి మాట్లాడుకోవడాలు వద్దు. తెన్నేటి పార్కులో మాట్లాడుకున్నారు కదా, అంతకంటే కొత్తగా అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

స్వార్థంతోనే స్నేహం చేశానని అనుకుంటాడేమో అని రాశావు. అనుకోనీ తల్లీ. కొంచెం నిజమే కూడా. నీకు అతను కావాలి, అందుకే ఆ స్నేహం నిలబెట్టావు. కావాలనుకోవడం నేరం ఏమీ కాదు. దొరకనిదాని కోసం అతని పెళ్లి పనులు చేసి పెట్టడం కంటే, నాకు ఇది చేతకాదని చెప్పడమే నిజాయితీ. ఇంకో మనిషి సంగతి మనం ఇద్దరం మర్చిపోయాం. విజయనగరంలో ఒక అమ్మాయి ఆ ఫొటో చూసి చీర బావుందని సంతోషపడి ఉంటుంది. ఆ భుజం ఎవరిదో ఆ అమ్మాయికి తెలియదు. రేపు తెలిస్తే ఆమెకి ఎలా ఉంటుంది? ఆమె నీకు ఏ అన్యాయమూ చెయ్యలేదు.

బండి మానెయ్. రుషికొండ నుంచి మద్దిలపాలెం వైపు సిటీ బస్సులు ఉన్నాయి, ఆఫీసు క్యాబ్ ఉంటే అది ఎక్కు. మొదటి వారం పది రోజులు బస్సు కిటికీలోంచి చూస్తే ప్రతి బండీ అతనిదే అనిపిస్తుంది. ప్రతి నల్ల హెల్మెట్ దగ్గరా గుండె ఒకసారి ఆగుతుంది. బీచ్ రోడ్డు మీదుగా వస్తే తెన్నేటి పార్కు దాటక తప్పదు. ఆ స్టాపు వచ్చేసరికి తల దించుకుని ఫోన్‌లో ఏదో చూసుకో, అందులో గొప్ప ఓటమి ఏమీ లేదు. ఒక రోజు దించుకోవడం మర్చిపోతావు.

మెసేజీలు ఆపిన మొదటి మూడు నాలుగు వారాలు ఇప్పటికంటే ఘోరంగా ఉంటాయని ముందే చెబుతున్నాను. ఇసుక పోయడం ఆపితే ముందు కనిపించేవి రాళ్లు. అప్పుడు "మాట్లాడుతున్నప్పుడే నయం" అనిపిస్తుంది. అనిపించగానే మళ్లీ మాటలు కలిపేసుకోకు. అతని నంబరు బ్లాక్ చెయ్యక్కర్లేదు, ఆఫీసు పని ఉంటుంది. చాట్ ఆర్కైవ్‌లో పెట్టెయ్. ఆన్‌లైన్‌లో ఉన్నాడో లేదో కనిపించకుండా నీ వైపు నుంచి ఆ సెట్టింగ్ ఆఫ్ చేస్తే, అతనిది కూడా నీకు కనిపించదు. పడుకునే ముందు ఫోన్ వంటింట్లో పెట్టు, అలారానికి గడియారం కొనుక్కో.

ఆఫీసులో తెలిసిపోతుందేమో అన్నావు. రుషికొండ మీద ఎవరు ఎవరి బండెక్కి వెళ్లారో, ఎప్పుడు ఎక్కడం మానేశారో క్యాంటీన్‌లో టీ ఇచ్చేవాళ్లకి కూడా తెలుస్తుంది. వాళ్లందరికీ ఇప్పటికే తెలుసు, తెలియదనుకుంటున్నది నువ్వొక్కదానివే. రెండు వారాలు మాట్లాడుకుంటారు, తర్వాత అప్రైజల్స్ వస్తాయి.

పెళ్లికి వెళ్లొద్దు. ఎవరైనా అడిగితే ఊళ్లో లేనని చెప్పు, నిజంగానే ఉండకు. ఆ రెండు రోజులు శ్రీకాకుళంలో చుట్టాలుంటే వాళ్లింటికో, ఒక స్నేహితురాలితో రైల్లో అరకుకో వెళ్లు. ఒంటరిగా వెళ్లకు. మాఘమాసంలో అక్కడ చలి బాగానే ఉంటుంది, స్వెటర్ పట్టుకెళ్లు. ఫొటోలు ఎవరో ఒకరు గ్రూపులో పెడతారు, దాని సంగతి ఆ స్నేహితురాలికి అప్పజెప్పు. గ్రూపు మ్యూట్ చేసే బాధ్యత తనది.

మీ అమ్మగారి సంబంధాల గురించి రెండు ముక్కలు. ఈ బాధలో, "సరే, ఎవరైతే ఏంటి" అని తల ఊపకు. ఒకర్ని మర్చిపోవడానికి ఇంకొకర్ని మందులా వాడితే, ఆ వచ్చినవాడికి జరిగేది అన్యాయం. అలాగని ప్రతి ఫొటోకీ వంకలు పెట్టి ఆవిడని ఇబ్బంది పెట్టకు. "ఆరు నెలలు ఆగమ్మా, అప్పుడు నేనే చెబుతాను" అను. ఎందుకని అడుగుతారు. మీ అమ్మగారు ఎలాంటివారో నాకు తెలియదు కాబట్టి ఆవిడకి చెప్పాలో వద్దో నేను చెప్పలేను. ఇంట్లో వదినో, పిన్నో, అక్కో ఎవరో ఒకరు ఉంటారు చూడు, విని వీధిలో చెప్పనివాళ్లు. వాళ్లకి చెప్పు. నాకు మా మేనత్త ఉండేది. ఆవిడ ఆ ముక్క కొలిపించిన తర్వాత చనిపోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తిండి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఇంకో రెండు వారాలు ఇలాగే తిండీ నిద్రా లేకుండా ఉన్నా, బతికి ఏం లాభం లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా, అప్పుడు నాకు ఉత్తరం రాయడం కాదు చేయాల్సింది. 14416కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మనిషిని ఎదురుగా చూసి మాట్లాడాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెబితే ఊళ్లో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు, నవ్వనీ. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లమా?

మధ్యలో ఒక మాట ఈ శీర్షిక చదివే అబ్బాయిలకి. ఇలాంటి బాధతో మీరూ రాస్తుంటారు, మీ బాధా ఇంతే నిజం. పోయిన నెల ఒకతను, అమ్మాయి వద్దన్నాక కూడా రోజూ ఆమె బస్టాపులో నిలబడుతున్నానని, ఎప్పటికైనా మనసు కరుగుతుందని రాశాడు. కరగదు నాయనా. భయపడుతుంది. వద్దన్నాక వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. సినిమాలో హీరో చేస్తే మూడో పాటకి హీరోయిన్ నవ్వుతుంది, బస్టాపులో అమ్మాయి ఇంటికెళ్లి ఉద్యోగం మానేస్తుంది. రేపటి నుంచి వేరే బస్సెక్కు.

నాలుగేళ్లు వృథాయేనా అని అడిగావు. ఆ నాలుగేళ్లలో ఉద్యోగం నేర్చుకున్నావు, జీతం తెచ్చావు, ఒక మనిషి దగ్గర ధైర్యంగా నోరు విప్పి ప్రేమిస్తున్నానని చెప్పావు. ఆ పని నేను చెయ్యలేకపోయాను. ఆ కొట్టు అబ్బాయికి ఈ రోజుకీ తెలియదు. 14 నెలల సంగతి అడిగితే మాత్రం, అవును, అందులో చాలా భాగం వృథాయే. మొహమాటానికి కాదని చెప్పను.

ఎన్నాళ్లు పడుతుందన్న దానికి నా దగ్గర అంకె లేదు. ఫిషర్ పరిశోధనలో, కాదనిపించుకుని ఎక్కువ రోజులైనవాళ్లలో మెదడులో అనుబంధానికి సంబంధించిన ఒక చోట చురుకు తగ్గినట్టు కనిపించింది. అంటే రోజులు వాటి పని అవి చేస్తాయి, అడ్డం పడకుండా ఉంటే చాలు. నా సంగతే చెబుతాను. ఆ కొట్టు వైపు వెళ్లడం మానేసి, మార్కెట్‌కి వేరే సందులోంచి వెళ్లేదాన్ని. కాస్త చుట్టూ తిరగాలి. ముక్కలు పారేయలేదు, డబ్బు పోసి కొన్నవి కదా. ఒక్కొక్కటీ కుట్టించుకున్నాను. మొదట్లో కుట్టించుకున్నవి వేసుకున్న రోజంతా అదే ధ్యాస. ఎన్నాళ్లకో తెలియదు, పెళ్లయిందా కాలేదా అన్నది కూడా గుర్తు లేదు, ఒక రోజు ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని పేరంటానికి వెళ్లొచ్చాను. సాయంత్రం మార్చుకుంటూ ఉంటే గుర్తొచ్చింది, ఇది ఆ కొట్టుది కదూ అని. పొద్దున్న వేసుకునేటప్పుడు గుర్తు రాలేదు.

ఇక హెల్మెట్. చేతికి ఇవ్వాలని చూడకు, ఆ వంకతో ఇంకో అరగంట మాట్లాడుకుంటారు. ఒక క్యారీ బ్యాగులో పెట్టి మీ ఆఫీసు కింద సెక్యూరిటీ టేబుల్ దగ్గర వదిలెయ్. లోపల చీటీ గీటీ పెట్టకు. లోపలి స్పాంజికి నీ కొబ్బరినూనె వాసన ఉంటుంది, దాన్ని కడగాలా వద్దా అని రాత్రంతా కూర్చోకు, అలాగే ఇచ్చెయ్. బ్యాగు మీద అతని పేరుతో పాటు ఫ్లోర్ నంబరు కూడా రాయి. లేకపోతే సెక్యూరిటీవాళ్లు నీకే ఫోన్ చేస్తారు.